కాసేపు కాళ్ళు చాపుకోనివ్వండి!

తలనొప్పి వస్తే నలుగురికీ చెప్పుకుంటాం. నడుం పట్టేస్తే పక్కింటావిడని పిలిచి మరీ చెప్పుకుంటాం. కాలిమీద మానని పుండు ఉందనుకోండి, దాని సంగతి కన్నకూతురికి కూడా చెప్పం. చీర కుచ్చెళ్ళు ఎలాగూ పాదాల దాకా ఉంటాయి. కింద ఓ పాతగుడ్డ చుట్టుకుంటే ఎవరికీ కనపడదు. వాసన వస్తుందేమోనని పేరంటాలకి వెళ్ళడం మానేస్తాం. గుడ్డకి చెమ్మ అంటుతుందని మంచి చీర కట్టుకోం. ఎవరైనా అడిగితే "ఏదో దెబ్బ తగిలిందిలే, తగ్గిపోతుంది" అంటాం. అది మాత్రం తగ్గదు. నెలలు గడుస్తాయి, ఏళ్ళు గడుస్తాయి.

ఇలాంటి పుండుకి మందేమిటని ఎవర్ని అడిగినా ఒక పౌడరో, ఓ ట్యూబో, ఏదో ఆకు పసరో చెబుతారు. నేనివాళ చెప్పబోయే మందు కొట్లో దొరకదు. అది మన పిక్కలోనే ఉంది. పిక్క చేత పని చేయించడం, కాలికి సరైన కట్టు కట్టడం, ఆ పైన కాళ్ళు ఎత్తి పెట్టుకుని విశ్రాంతి తీసుకోవడం - ఫిజియోథెరపీ వాళ్ళు చేయించే వైద్యం చాలావరకు ఇదే. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది. మన ఇళ్ళల్లో ఈ కాస్తా ఎంత కష్టమో మా చిన్నత్తయ్య విషయంలో దగ్గరుండి చూశాను. అందుకే రాస్తున్నాను.

పౌడర్లయ్యాయి, పథ్యాలయ్యాయి

చిన్నత్తయ్య అంటే మావారి పిన్నిగారు. అరవై రెండేళ్ళు. భర్త పోయాక పెళ్ళిళ్ళకీ, పేరంటాలకీ పిండివంటలు చేసిపెట్టి ఇద్దరు కొడుకుల్ని చదివించుకుంది. సున్నుండలు చుట్టాలన్నా, అరిసెల పాకం పట్టాలన్నా మా ఊళ్ళో ఆవిడ తర్వాతే ఎవరైనా. పాతికేళ్ళకి పైగా రోజుకి ఆరేడు గంటలు పొయ్యి ముందు నిలబడ్డ మనిషి.

రెండో కాన్పు తర్వాతే ఎడమకాలి నరాలు ఉబ్బి పాముల్లా తేలాయి. సాయంత్రానికి పాదం వాచేది, తెల్లారేసరికి తగ్గేది. "నిలబడే వాళ్ళకి మామూలే" అని ఎవరూ పట్టించుకోలేదు, ఆవిడతో సహా. తర్వాత చీలమండ చుట్టూ చర్మం నల్లబడి దురదలు మొదలయ్యాయి. మూడేళ్ళ కిందట మంచం కోడు గీసుకుని లోపలివైపు చీలమండ పైన చిన్న గాయమైంది. రూపాయి బిళ్ళంత ఉన్నది అరచేయంత అయింది.

చెయ్యని వైద్యం లేదు. పసుపు, వేపాకు అయ్యాయి. కాంపౌండరు ఇచ్చిన పౌడరు జల్లితే చుట్టుపక్కల చర్మం కూడా ఎర్రగా పొక్కింది. నాలుగు విడతలు యాంటీబయాటిక్ మాత్రలు మింగింది. పప్పు తింటే చీము పడుతుందని పప్పు మానేసింది. వంకాయ, గుమ్మడికాయ సరేసరి. పుండు తడపకూడదని వారానికోసారి కాలికి ప్లాస్టిక్ సంచి కట్టుకుని స్నానం. పుండు మానలేదు సరికదా, మనిషి నీరసపడింది.

చివరికి పట్నంలో రక్తనాళాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన పాదం మీద నాడి చూసి, డాప్లర్ పరీక్ష చేయించి, "ఇది చెడు రక్తం పుండు కాదమ్మా, సిరల పుండు. రక్తం కిందకి దిగడమే గానీ పైకి ఎక్కడం లేదు. ముందు కట్టు కట్టిస్తాను, ఫిజియోథెరపీకి వెళ్ళండి" అన్నారు.

"మోకాళ్ళ నొప్పులకి కదా ఫిజియోథెరపీ, పుండుకెందుకమ్మాయ్?" అని దారిపొడుగునా నన్ను అడుగుతూనే ఉంది చిన్నత్తయ్య.

మోటారుకి ఫుట్ వాల్వు ఉన్నట్టే

ఫిజియోథెరపిస్టు పాతికేళ్ళ అమ్మాయి. ముందు పుండు చూడనే లేదు. "మామ్మగారూ, రోజుకెన్ని గంటలు నుంచుంటారు? ఎన్ని గంటలు నడుస్తారు?" అని అడిగింది. నుంచోవడానికి లెక్క చెప్పగలిగింది గానీ నడకకి లెక్క చెప్పలేకపోయింది చిన్నత్తయ్య. తర్వాత "పాదం పైకి లాగండి, కిందకి వంచండి" అంది. పాదం కదిలితేగా! నొప్పికి భయపడి మూడేళ్ళుగా కాలు ఈడుస్తూ నడవడంతో చీలమండ కీలు కర్రలా బిగిసిపోయింది.

"ఇదిగో, ఇక్కడుంది అసలు జబ్బు" అంటూ ఆ అమ్మాయి మాకు విడమరిచి చెప్పింది.

గుండె రక్తాన్ని పాదాల దాకా తోస్తుంది. మళ్ళీ పైకి రావాలంటే దాదాపు నాలుగడుగుల ఎత్తు ఎక్కాలి. ఎక్కించేది ఎవరు? పిక్క కండరం. అడుగు వేసినప్పుడల్లా పిక్క బిగుసుకుని లోపలి సిరల్ని పిండుతుంది, రక్తం పైకి ఎగుస్తుంది. అందుకే పిక్కని రెండో గుండె అంటారు. ఎగసిన రక్తం మళ్ళీ కిందకి జారకుండా సిరల్లో చిన్న చిన్న కవాటాలుంటాయి. మన ఇంటి మోటారుకి ఫుట్ వాల్వు ఉన్నట్టే. ఫుట్ వాల్వు పాడైతే మోటారు ఎంత తిరిగినా నీళ్ళు బావిలోకే జారిపోతాయి కదా! ఇక్కడా అంతే. (మనం వాడుకలో "నరాలు ఉబ్బాయి" అంటాం గానీ, ఉబ్బేవి నరాలు కావు, ఈ సిరలే.)

ఈ కవాటాల సంగతి ఇవాళ్టిది కాదు. ఇటలీలోని పాడువాలో ఫాబ్రీసియస్ అనే ఆచార్యుడు 1603లో వీటి గురించి పుస్తకమే వేశాడు. అవి రక్తం వేగాన్ని తగ్గించడానికి ఉన్నాయనుకున్నాడాయన. ఆయన శిష్యుడు విలియం హార్వే 1628లో అసలు సంగతి చెప్పాడు: సిరల్లో రక్తం గుండె వైపే పోవాలి, వెనక్కి రాకూడదు, కవాటాలున్నది అందుకే అని.

కదలకుండా నిలబడితే చీలమండ దగ్గర సిరల్లో ఒత్తిడి పాదరసం లెక్కన 90 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. కవాటాలు బాగున్న మనిషి నాలుగడుగులు నడిస్తే అది 30కి దిగుతుంది. కవాటాలు చెడినవాళ్ళకి అంతగా దిగదు. పిక్క పనిచెయ్యకపోతే అసలే దిగదు. ఆ ఒత్తిడికి రక్తంలోని నీరు, ఎర్రకణాలు చర్మంలోకి ఊరతాయి. నీటివల్ల వాపు, కణాల్లోని ఇనుము వల్ల ఆ నలుపు. అలా నానిపోయిన చర్మానికి చిన్న గోరు గీసుకున్నా పుండే. కింద నీరు ఊరుతూ ఉంటే పైన గోడకి ఎన్నిసార్లు సున్నం వేసినా నిలుస్తుందా? మన పౌడర్లు ఆ సున్నం లాంటివే.

కట్టులోనే ఉంది కిటుకు

మొదటి మందు కట్టు. ఇది గాయం మూయడానికి కట్టే గుడ్డ కాదు. వేళ్ళ మొదలు నుంచి మోకాలి కింద దాకా, మడమని కూడా కలుపుకుంటూ, పొరలు పొరలుగా చుట్టే గట్టి కట్టు. చీలమండ దగ్గర బిగుతు ఎక్కువ, పైకి పోయేకొద్దీ తక్కువ. పుండు ఉన్నప్పుడు చీలమండ దగ్గర దాదాపు 40 మిల్లీమీటర్ల ఒత్తిడి ఉండాలంటారు. ఈ పద్ధతి పాతదే. జర్మనీ చర్మవైద్యుడు ఉన్నా 19వ శతాబ్దం చివర్లో జింకు ముద్ద పూసిన కట్టు కట్టేవాడు. ఇప్పటికీ దాన్ని ఉన్నా బూటు అంటారు. 1980ల్లో లండన్‌లోని చారింగ్ క్రాస్ ఆసుపత్రి వాళ్ళు నాలుగు పొరల కట్టు తయారుచేశారు.

కట్టు రెండు పనులు చేస్తుంది. వాపుని నొక్కిపెడుతుంది. పిక్కకి బయట ఒక గోడలా నిలబడుతుంది. గోడ ఉంటేనే కదా కండరం బిగిసినప్పుడు ఆ బలం లోపలి సిరల మీద పడేది! అంటే కట్టు కట్టుకుని కూర్చుంటే సగం ఫలితం. కట్టు కట్టుకుని నడిస్తేనే పూర్తి ఫలితం.

కట్టు మార్చినప్పుడల్లా పుండుని శుభ్రమైన మంచినీళ్ళతో కడిగారు. చిన్నత్తయ్య గుండెలు బాదుకుంది. "తడిస్తే చీము పట్టదూ?" అని. పట్టలేదు. పౌడరు పడక పొక్కిన చర్మం కూడా పౌడరు మానగానే తగ్గింది. యాంటీబయాటిక్ పూత మందులు ఇలాంటి కాళ్ళకి తరచూ పడవట. లోపల చీము, చుట్టూ ఎరుపు, వేడి, జ్వరం - ఈ గుర్తులుంటేనే యాంటీబయాటిక్ అవసరం. ఊరికే పుండు ఉందని మింగనక్కర్లేదు. ఇక పప్పు సంగతి. పుండు పూడాలంటే కొత్త కండ పుట్టాలి, దానికి మాంసకృత్తులు కావాలి. మానాల్సింది పోయి పప్పు, పాలు, పెరుగు పెంచమన్నారు. గుడ్డు తినేవాళ్ళు గుడ్డు తినొచ్చు.

ఒక్కటి మాత్రం మరచిపోకండి. ఇది చదివి క్రేప్ బ్యాండేజి కొని ఇంట్లో బిగించెయ్యకండి. ఎందుకో కింద చెబుతాను.

కుట్టుమిషను తొక్కినట్టు

వ్యాయామాలు చూస్తే పిల్లల ఆటల్లా ఉన్నాయి. తేలిక నుంచి కష్టానికి మెట్లు మెట్లుగా నేర్పించారు.

మొదటిది పడుకుని. పాదాన్ని మన వైపు లాగడం, అవతలికి వంచడం. కుట్టుమిషను పెడలు తొక్కినట్టన్నమాట. ఒక్కో విడతకి ఇరవై సార్లు, రోజుకి ఐదారు విడతలు. ఆ తర్వాత పాదాన్ని గుండ్రంగా తిప్పడం, అటు పదిసార్లు, ఇటు పదిసార్లు.

రెండోది కుర్చీలో కూర్చుని. వేళ్ళు నేల మీద ఆన్చి మడమలెత్తడం, మడమలు ఆన్చి వేళ్ళెత్తడం. టీవీ చూస్తూ చెయ్యొచ్చు.

మూడోది నిలబడి. వంటింటి గట్టు పట్టుకుని, అటక మీద డబ్బా అందుకోవడానికి లేస్తాం చూడండి, అలా రెండు మునివేళ్ళ మీద లేవడం, నెమ్మదిగా దిగడం. మొదట్లో ఐదుసార్లు చేసేసరికి చిన్నత్తయ్య పిక్క వణికిపోయింది. రెండు నెలలకి పదేసి చొప్పున మూడు విడతలు చేసేది.

నాలుగోది నడక. పది నిమిషాలతో మొదలుపెట్టి అరగంట దాకా పెంచడం. కాలు ఈడ్చకుండా, ముందు మడమ ఆన్చి, చివర వేళ్ళతో నేలని తోస్తూ నడవాలి. అలా నడిస్తేనే పిక్క పనిచేస్తుంది.

ఇవన్నీ కట్టు ఉండగానే చెయ్యాలి. వ్యాయామం వల్ల నిజంగా ఒరుగుతుందా అని నాకూ అనుమానం ఉండేది. అంతకుముందు జరిగిన పరిశీలనలన్నీ కలిపి చూసిన సమీక్ష ఒకటి 2018లో అమెరికా చర్మవైద్య పత్రికలో వచ్చింది. కట్టు ఒక్కటే కట్టినవాళ్ళకంటే, కట్టుతో పాటు వ్యాయామం చేసినవాళ్ళలో 12 వారాలకి నూటికి 14 మందికి అదనంగా పుళ్ళు మానాయని అందులో లెక్క. ఆ పరిశీలనలు చిన్నవి కాబట్టి అంకె కాస్త అటూ ఇటూ కావచ్చునని వాళ్ళే చెప్పారు. పైసా ఖర్చు లేని మందు నూటికి పద్నాలుగు మందికి పనికొచ్చినా తక్కువేమీ కాదు కదా!

అసలు చిక్కు ఇక్కడే

ఇంతవరకూ బాగానే ఉంది. ఆఖరున ఆ అమ్మాయి, "రోజుకి మూడు నాలుగుసార్లు, అరగంట చొప్పున, కాళ్ళు గుండె కంటే ఎత్తులో పెట్టుకుని పడుకోవాలి మామ్మగారూ" అంది.

చిన్నత్తయ్య నవ్వేసింది. "పగటిపూట కాళ్ళు బారజాపుకు పడుకుంటే ఇంకేమైనా ఉందా తల్లీ! నలుగురూ ఏమనుకుంటారు?"

ఆవిడ నవ్వింది గానీ నాకు నవ్వు రాలేదు. నడవమంటే నడిచింది, వంచమంటే వంచింది, ఇష్టం లేకపోయినా పప్పు తింది. పడుకోమంటే మాత్రం చెయ్యలేకపోయింది. నడుం వాల్చిన ఆడదాన్ని చూస్తే మన ఇళ్ళల్లో వెంటనే వచ్చే ప్రశ్న "ఏం, ఒంట్లో బాగాలేదా?" అని. బాగానే ఉంటే పడుకోకూడదన్నమాట. పెద్దవాళ్ళ ముందు కాళ్ళు చాపుకోవడం అమర్యాద. ఎవరైనా గుమ్మంలోకి వస్తే కాళ్ళు ముడుచుకోవడం చిన్నప్పుడే నేర్పేస్తారు మనకి. మగవాళ్ళు పడకకుర్చీలో కాళ్ళు బార్లా చాపుకుని పేపరు చదువుకుంటే ఎవరికీ ఏమీ అనిపించదు.

మొదటి నెల చిన్నత్తయ్య అందరూ భోజనాలు చేశాక ఒక్క పావుగంట, అదీ తలుపు గడియ వేసుకుని పడుకునేది. బయట గిన్నె చప్పుడైతే లేచి కూర్చునేది. పుండు కొలత తగ్గలేదు. కట్టు మార్చేటప్పుడు స్కేలుతో కొలుస్తారు కాబట్టి అబద్ధం చెప్పడానికి లేదు. ఆ అమ్మాయి ఈసారి పెద్దకొడుకునీ, కోడలినీ పిలిచి కూర్చోబెట్టింది. "ఇది విశ్రాంతి కాదండీ, డోసు. మూడు పూటలా మాత్ర వేసుకోవాలంటే అడ్డు చెబుతారా? ఇదీ అంతే" అంది.

డోసు అనే మాట పనిచేసింది. కోడలు గోడ మీద కాగితం అంటించింది - పదకొండు, మూడు, ఆరు, తొమ్మిది గంటలకి "కాళ్ళు పైకి" అని. కొడుకు మంచం కాళ్ళవైపు కోళ్ళ కింద ఇటుకలు పెట్టి ఆరంగుళాలు ఎత్తించాడు. పొయ్యి దగ్గర ఎత్తు స్టూలు వచ్చింది. వంటల ఆర్డర్లు మానలేదు. మానితే ఆవిడ ఊరుకోదు. ఉండలు చుట్టడం, గవ్వలు ఒత్తడం కూర్చుని చేస్తుంది, మధ్యలో లేచి వాకిట్లో రెండు చుట్లు తిరుగుతుంది. పాకం దగ్గర మాత్రం నిలబడాలి కాబట్టి నిలబడినంతసేపూ మడమలు ఎత్తుతూ దించుతూ ఉంటుంది. ఎవరైనా వచ్చినా సరే, పదకొండయిందంటే కాళ్ళు దిండు మీదికి! మొదట్లో చుట్టాలు వింతగా చూశారు. తర్వాత అలవాటు పడ్డారు.

అన్ని పుళ్ళూ ఒకటి కావు

కాలి పుండు కనిపించగానే అందరూ నడిచెయ్యకూడదు, అందరూ కట్టు బిగించెయ్యకూడదు. ఇది చాలా ముఖ్యం.

సిరల పుండు సాధారణంగా లోపలి చీలమండ పైన, లోతు లేకుండా, చెమ్మగా ఉంటుంది. కాలు ఎత్తితే హాయి. ధమనులు పూడుకుపోతే వచ్చే పుండు వేరు. అది ఎక్కువగా వేళ్ళ కొసల్లో, మడమ మీద వస్తుంది. పాదం చల్లగా ఉంటుంది. కాలు ఎత్తితే నొప్పి ఎక్కువ, మంచం మీంచి వేలాడేస్తే హాయి. చుట్టలు, బీడీలు, సిగరెట్లు తాగేవాళ్ళకి, షుగరు ఉన్నవాళ్ళకి ఇది వచ్చే అవకాశం ఎక్కువ. అసలే రక్తం అందని కాలికి బిగుతు కట్టు కడితే కాలే పోవచ్చు. అందుకే కట్టేముందు చీలమండ దగ్గరా, చేతి దగ్గరా బి.పి. చూసి పోలుస్తారు. రెండూ ఇంచుమించు సమానంగా ఉండాలి. చేతి బి.పి.లో చీలమండది పదింట ఎనిమిది వంతుల కంటే తక్కువ ఉంటే మామూలు బిగుతు కట్టు కట్టరు. షుగరు ఉన్నవాళ్ళ ధమనులు గట్టిపడి ఈ లెక్క తప్పు చూపించవచ్చు కాబట్టి వాళ్ళకి ఇంకా జాగ్రత్తగా పరీక్షిస్తారు.

ఇక అరికాలి పుండు. షుగరు వల్ల స్పర్శ పోయిన పాదానికి వస్తుంది. నొప్పి ఉండదు కాబట్టి నడుస్తూనే ఉంటారు. దీని సంగతి తేల్చడంలో మన పక్కనున్న వేలూరుకి పెద్ద పేరుంది. తమిళనాడు కొల్లి కొండల్లో 1914లో పుట్టిన డాక్టర్ పాల్ బ్రాండ్ 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకి వచ్చి కుష్ఠు రోగుల చేతులకీ, పాదాలకీ వైద్యం చేశారు. ఆ పాదాల మాంసం చెడిపోయింది కాబట్టి పుండు మానదని అంతా అనుకునేవారు. కాదు, నొప్పి తెలియక ఒకేచోట బరువు పడి పడి పుండవుతోంది, ఆ బరువు తప్పిస్తే మామూలు మనిషి గాయంలాగే మానుతుంది అని ఆయన చూపించారు. పాదానికి సరిగ్గా అతికేలా పిండికట్టు వేసి బరువుని మొత్తం కాలికి పంచారు. ఆయన తర్వాత అమెరికా వెళ్ళాక అదే పద్ధతి షుగరు రోగులకీ వాడుకలోకి వచ్చింది. మెత్తటి రబ్బరుతో చేసే ఎం.సి.ఆర్. చెప్పులు మన దేశంలో కుష్ఠు రోగుల కోసం మొదలై ఇప్పుడు షుగరు వాళ్ళ కాళ్ళకీ వచ్చాయి.

చూశారా! చిన్నత్తయ్య పుండుకి నడక మందు. అరికాలి పుండుకి అదే నడక విషం. అందుకే ముందు పుండు ఏ రకమో తేల్చుకోవాలి.

యంత్రాలూ, ఆపరేషనూ

ఫిజియోథెరపీ గదిలో రకరకాల యంత్రాలు కనిపిస్తాయి. కాలికి తొడిగి గాలి నింపుతూ వదులుతూ ఉండే తొడుగు కట్టు భరించలేనివాళ్ళకీ, నడవలేనివాళ్ళకీ పనికొస్తుంది. సన్నటి విద్యుత్ ప్రవాహంతో పుండుని ప్రేరేపించే పద్ధతికి కొంత ఫలితం కనిపించింది. అల్ట్రాసౌండు, లేజరు కిరణాల వల్ల ప్రత్యేకమైన మేలు ఉందని గట్టిగా తేలలేదు. కట్టూ, కదలికా వదిలేసి యంత్రాల కోసమే డబ్బు పొయ్యడం మాత్రం దండగ.

ఉబ్బిన సిరని లోపలినుంచే మూసేసే చికిత్స ఇప్పుడు పట్నాల్లో దొరుకుతోంది. బ్రిటన్‌లో 450 మంది మీద చేసిన పరిశీలన 2018లో వెలువడింది. కట్టుతో పాటు ఈ చికిత్స త్వరగా చేయించుకున్నవాళ్ళలో సగం మందికి పుండు 56 రోజుల్లో మానితే, కట్టు కట్టి చికిత్స వాయిదా వేసినవాళ్ళకి 82 రోజులు పట్టింది. చేయించుకోదగిన సిరలున్నవాళ్ళు ఆలస్యం చెయ్యకుండా డాక్టర్ని అడగడం మంచిది.

ఇంట్లో గుర్తుంచుకోవలసినవి

* కాలి గాయం నాలుగు వారాలైనా మానే దారిలో లేకపోతే డాక్టరుకి చూపించండి. "ఇది సిరల పుండా, ధమనుల పుండా? పాదం నాడి చూశారా?" అని అడగండి.
* కట్టు కట్టాక వేళ్ళు నీలంగా మారినా, తిమ్మిరెక్కినా, నొప్పి భరించలేనట్టున్నా వెంటనే విప్పేసి ఆసుపత్రికి వెళ్ళండి.
* ఒక పిక్క ఉన్నట్టుండి వాచి నొప్పి పెడితే మర్దనా చెయ్యకండి. లోపల రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. దానికి ఆయాసం తోడైతే అది అత్యవసరం.
* గుండె జబ్బుతో కాళ్ళు వాచేవాళ్ళు కట్టుకీ, కాళ్ళు ఎత్తి పెట్టుకోవడానికీ డాక్టరు సలహా తీసుకోవాలి.
* కాళ్ళు ఎత్తేటప్పుడు దిండు పిక్క కింద ఉండాలి, మడమ దానికి ఒత్తుకోకూడదు.
* ఎన్నాళ్ళకీ మానక, అంచులు గడ్డలా లేస్తున్న పుండుకి ముక్క పరీక్ష చేయించాలి. అరుదుగా కాన్సరు కావచ్చు.
* పుండు మానినా కవాటాలు బాగుపడవు. బిగుతు మేజోళ్ళు రోజూ వెయ్యాలి. పొద్దున్న మంచం దిగకముందే, వాపు లేనప్పుడే తొడగాలి. సాగిపోతాయి కాబట్టి ఆర్నెల్లకోసారి మార్చాలి.

చిన్నత్తయ్య పుండు పూర్తిగా పూడడానికి అయిదు నెలలు పట్టింది. సిర మూయించుకోవడానికి మొదట భయపడింది గానీ ఆ తర్వాత అదీ చేయించుకుంది. ఇప్పుడు మేజోడు తొడుక్కుని పొయ్యి దగ్గర ఉంటుంది. మొన్న ఒక పెళ్ళివారి సాయంకోసం వచ్చిన కుర్ర వంటామె సాయంత్రానికి వాచిన పాదాలు చూపించి, "మామూలేలెండి" అంటే ఊరుకోలేదు. ఆ పిల్లని మంచం మీద పడుకోబెట్టి, కాళ్ళ కింద రెండు దిళ్ళు పెట్టి, "అరగంట లేచావంటే కూలి కోసేస్తాను" అంది. ఆ అరగంటా అరిసెలు ఒత్తే పని కొడుకు చేత చేయించింది.